తోర్వాన్ కూతురు

నేను ఒక మైకును. పిడికిట్లో ఇమిడే పిడి, పిడి మీద ఇనుప జాలీ గుండు, గుండు లోపల రూపాయి బిళ్ళంత పొర. ఆ పొరకు అంటించిన రాగి తీగ చుట్ట, దాని వెనక అయస్కాంతం. ఎవరైనా నా ముందు మాట్లాడితే పొర కదులుతుంది, పొరతో తీగ కదులుతుంది, ఆ కదలిక కరెంటై వైరులోంచి బాక్సుకు పోతుంది. నా పని ఇంతే. మాట నిజమా కాదా అని చూడటం నా పనిలో లేదు. కానీ మాటకు ముందు మనిషి పీల్చే గాలి కూడా నా పొరకు తగులుతుంది. దాన్ని జనం వినరు. నేను వింటాను.

నన్ను ఢిల్లీలో ఒక మేడ మీద గదిలో చేశారు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు నేల మీద కూర్చుని తీగ చుట్టేవారు. నా తీగ చుట్టినావిడ పేరు నాకు తెలియదు. పని చేస్తున్నంతసేపూ ఆమె దగ్గేది. అక్కడి నుంచి చీరాల వచ్చి, షామియానాలు అద్దెకిచ్చే సుబ్బారాయుడి దగ్గర తొమ్మిదేళ్ళు ఉన్నాను. పెళ్ళిళ్ళలో, దినాల్లో, ఎన్నికల్లో పలికాను. గేదె తప్పిపోయిందని రిక్షాలో తిరుగుతూ చెప్పాను. మనుషుల్లో ఒకటి గమనించాను. నా ముందుకు వచ్చిన ప్రతివాడూ ముందు నన్ను గోటితో కొడతాడు, ఊదుతాడు, "హలో, హలో" అంటాడు. నేను పనిచేస్తున్నానో లేదో చూసుకుంటాడు. తాను చెప్పబోయే మాట సంగతి ఏమిటో చూసుకున్నవాడు నాకు కనబడలేదు.

సుబ్బారాయుడు వైరు లేని మైకులు కొన్నాక నన్ను నూర్‌బాషా జిలానీకి ఇచ్చేశాడు. జిలానీది పేరాలలో పరుపుల కొట్టు. కింద దూది ఏకే మిషను, పైన ఒక గది. గదిలో ఒక కంప్యూటరు, గోడకు తెర. అప్పటికి జిలానీకి ఇరవై రెండేళ్ళు. అతను ఆడే ఆటను ఆ గదిలో అందరూ "ఏడు కోటలు" అనేవారు. దాని అసలు పేరు అక్కడ ఎవరూ పలకలేదు. ఎక్కడో సముద్రం అవతల కంపెనీ చేసిన వీడియో గేమ్. ఏడు కోటలు, వాటి రాజులు, మంత్రగాళ్ళు, కోటలను ఒక్కొక్కటిగా మింగే పొగమంచు సైన్యం. రెండు మూడేళ్ళకో భాగం వచ్చేది. కత్తి తిప్పడం సగం, కథ సగం.

ఆ కథ ఇంగ్లీషులో నడిచేది. జిలానీకి ఇంగ్లీషు రాదు. అందుకని దారా సీమోనును పిలిచాడు. సీమోను చీరాల కోర్టులో అనువాదకుడు, జిలానీ కంటే పన్నెండేళ్ళు పెద్ద. సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లీషు చేస్తాడు, ఇంగ్లీషు కాగితాన్ని తెలుగు చేస్తాడు. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీసేయకూడదు. సాక్షి బూతు తిడితే బూతు రాయాలి. అతను అలాగే రాసేవాడని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలయ్యేది. జిలానీ ఆడేవాడు. సీమోను పక్కన కుర్చీలో కూర్చుని తెర మీద వచ్చే మాటలు చదివి తెలుగులో చెప్పేవాడు. చుట్టుపక్కల మగ్గాల వాళ్ళు వచ్చి కూర్చునేవారు. గది నిండితే మెట్ల మీద కూర్చున్నారు. వినబడటం లేదని మెట్ల మీద వాళ్ళు గోల చేశారు. అందుకే నన్ను తెచ్చారు.

మొదటి రోజు మగ్గం కోటయ్య మెట్ల మీంచి అన్నాడు. ఆయనకు అప్పటికే అరవై దాటింది.

"ఇందులో కొత్తేముందిరా? మా చిన్నప్పుడు పురాణం ఇట్టాగే చెప్పేవోళ్ళు. ఒకాయన చదివేవాడు, ఒకాయన అర్థం చెప్పేవాడు. అప్పుడు చదివేవోడికి బొత్తాలు నొక్కే పని లేదు, అంతే."

మొదటి మూడు భాగాలు అప్పటికే వచ్చి ఉన్నాయి, వాటిని కొన్ని నెలల్లోనే ఆడేశారు. వాటిలో సీమోను ఒక్క మాట కలపలేదు. అవసరం రాలేదు. కథ తన కాళ్ళ మీద తాను నడిచింది. అందులో తోర్వాన్ అని మూడో కోట తలుపు కాసేవాడు ఒకడు. మొదటి భాగంలో గాయపడ్డ వీరుణ్ణి వీపు మీద వేసుకుని పొగమంచు దాటించాడు. రెండో భాగంలో తలుపు మూస్తూ మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. మూడో భాగంలో స్వయంగా రాజు వచ్చినా, గుర్తు మాట చెప్పలేదని తలుపు తీయలేదు. జిలానీ ఆ రోజు ఆట ఆపి లేచి నిలబడ్డాడు. తోర్వాన్ కోసం నిలబడ్డానన్నాడు.

నాలుగో భాగం వచ్చిన ఆరో ఆదివారం తోర్వాన్ తలుపు తీశాడు.

పొగమంచు సైన్యం లోపలికి వచ్చింది. తెల్లారేసరికి కోటలో శవాలు, వాటిలో తోర్వాన్ శవం. మొత్తం నలభై సెకన్లు. ఎందుకు తీశాడో తెర మీద లేదు. తర్వాత వచ్చిన పాత్రలు కూడా అడగలేదు. అందరూ నాలుగో కోట వైపు గుర్రాలు తోలుకుని వెళ్ళిపోయారు.

జిలానీ జాయ్‌స్టిక్ కింద పెట్టాడు.

"ఎందుకు తీశాడన్నా?"

సీమోను తెర వంక చూశాడు.

"రాజొచ్చి అడిగితే తియ్యనోడు, దెయ్యాలొచ్చి అడిగితే తీశాడా?" కోటయ్య మెట్ల మీంచి అరిచాడు. "సీమోనూ, ఏదో మింగుతున్నావబ్బా. చెప్పు."

గదిలో, మెట్ల మీద కలిపి ముప్పై మందికి పైగా ఉన్నారు. సీమోను గాలి పీల్చుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ అంత లోతుగా పీల్చలేదు.

"తోర్వాన్‌కి ఒక కూతురుంది," అన్నాడు. "చిన్నపిల్ల. దాన్ని వాళ్ళు ఎత్తుకుపోయారు. తలుపు తియ్యకపోతే చంపుతామన్నారు."

"పేరేంది?"

"నైలా."

మెట్ల మీద ఎవరో ముక్కు చీదారు. జిలానీ చాలాసేపు జాయ్‌స్టిక్ ముట్టుకోలేదు.

ఆ నెలలో ప్రపంచమంతా ఆ ఆట ఆడేవాళ్ళు కంపెనీని తిట్టారు. మూడు భాగాలు మోసిన మనిషిని నలభై సెకన్లలో చంపారని, కారణం రాయడానికి ఒళ్ళు వంగలేదని వెబ్‌సైట్లలో రాశారు. ఎవరో ఫోనులో అది చూసి మా గదిలో చెప్పారు. మా గదిలో వాళ్ళకు అర్థం కాలేదు.

"వాళ్ళకేం పోయేకాలం? కూతురి సంగతి వినలేదా?" అన్నాడు జిలానీ.

"అందరూ అన్ని మాటలూ చదవరుగా," అన్నాడు సీమోను.

ఈసారి అతను పీల్చిన గాలి తక్కువ.

రెండు నెలలకు జిలానీ భార్య మస్తాన్‌బీకి ఆడపిల్ల పుట్టింది. బిడ్డను పైగదికి తెచ్చి అందరికీ చూపించాడు. నేను బల్ల మీద ఉన్నాను, స్విచ్ వేసే ఉంది.

"తండ్రి కోటంతా వదులుకుంది ఎవరికోసం? ఆ పిల్ల కోసం. ఆ పేరే పెట్టా. నైలా," అన్నాడు.

సీమోను చేతికి జిలేబీ ఇచ్చారు. అతను తినకుండా పట్టుకుని కూర్చున్నాడు. పాకం నా వైరు మీద పడింది. అతను ఏదో చెప్పబోయి రెండుసార్లు గాలి పీల్చాడు. రెండుసార్లూ వదిలేశాడు.

ఆ తర్వాత ఐదో భాగం, ఆరో భాగం. కంపెనీలో కథ రాసేవాళ్ళు మారారని, ఉన్నవాళ్ళకు పాత భాగాలు గుర్తు లేవని బయట అనుకునేవారు. చచ్చినవాళ్ళు లేచి వచ్చేవారు, ఎందుకో చెప్పేవారు కాదు. పగవాళ్ళు ఒక పాట అయ్యేసరికి స్నేహితులయ్యేవారు. బయట జనం తిట్టారు. మా గదిలో జనం వింటూ కూర్చున్నారు. మా గదిలో ప్రతి గుంతనూ సీమోను పూడ్చాడు. ఆరో భాగంలో ఇద్దరు వ్యాపారులు జొన్నల గురించి మాట్లాడుకునే చోట అతను, కోటలోని నైలా చచ్చిపోయిన తండ్రికి రాసిన ఉత్తరమంటూ ఒకటి చదివాడు. అది చదివేటప్పుడు అతని గొంతు వణికింది. ఆ వణుకు దొంగది కాదు. వణుకు దొంగదైతే నాకు తెలుస్తుంది.

జిలానీ కూతురు ఈ కథ వింటూ పెరిగింది. తన పేరు ఎక్కడిదో బడిలో అందరికీ చెప్పింది. కోటలోని నైలా ఎప్పుడు వస్తుందని ప్రతి ఆదివారం అడిగేది.

"వచ్చుద్దమ్మా," అనేవాడు సీమోను.

ఏడో భాగం వచ్చింది. ఇదే ఆఖరిదని కంపెనీ ప్రకటించింది. నైలాకు పదేళ్ళు. ఇంగ్లీషు మీడియంలో ఐదో తరగతి. ఆమె పెదనాన్న అని పిలిచే సీమోను పక్కనే, నాకు జానెడు దూరంలో కూర్చుని తెర మీది అక్షరాలు కూడబలుక్కునేది. సీమోను ఆమెను వెనక్కి జరగమనేవాడు. దగ్గరగా చూస్తే కళ్ళు పోతాయనేవాడు. మరుసటి వారం ఆమె మళ్ళీ ముందుకు వచ్చేది.

ఒక ఆదివారం తెర మీద ముసలామె ఒకతె ఏదో చెబుతోంది. ఆమె నైలాను పెంచిన దాది అని, పిల్ల ఉత్తరాన దాక్కుందని సీమోను చెప్పాడు.

"మేక తప్పిపోయిందంటోంది కదా పెదనాన్నా," అంది నైలా.

నేను ఆ మాటను బాక్సుకు పంపాను. అందరూ నవ్వారు. కోటయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు.

"జిలానీ, ఫీజులు కట్టింది చాలుగానీ పిల్లని దూది ఏకటానికి పెట్టు. దాదికీ మేకకీ తేడా తెలీలా."

సీమోను కూడా నవ్వాడు. నైలా తల దించుకుంది.

ఆ వారమే ఆమె తండ్రి ఫోనులో ఆటకు సంబంధించిన వెబ్‌సైటు తెరిచింది. అందులో ఏడు భాగాల్లోని పాత్రలన్నిటి జాబితా ఉంది. నాలుగు వందల పన్నెండు పేర్లు. రెండు రోజులు కూర్చుని అన్నీ చదివింది. ఆదివారం సీమోను రాకముందు గదిలో తండ్రితో చెప్పింది.

"నాన్నా, నా పేరు లేదు."

"సరిగ్గా చూడమ్మా."

"మూడుసార్లు చూశా. తోర్వాన్ ఉన్నాడు. తోర్వాన్ గుర్రం ఉంది. నైలా లేదు."

జిలానీ సీమోనును అనుమానించలేదు. ఆ ఆలోచనే రాలేదు. కంపెనీవాళ్ళు మరిచిపోయారనుకున్నాడు. కథలో తామే పెట్టిన పిల్లను తీసేశారనుకున్నాడు. అంతకుముందు వాళ్ళు చేసినవి చూసినవాడికి అది నమ్మదగిన సంగతే. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని అభిమానుల వెబ్‌సైటులో ఇంగ్లీషులో రాయించాడు. "తోర్వాన్ కూతురు నైలా ఏది? ఆమె కోసమే అతను తలుపు తీశాడు. ఆమెను ఎందుకు దాచారు?"

ఆ మూడు వాక్యాలు పడ్డచోట ఎండిపోయిన గడ్డి ఉంది. పదేళ్ళుగా తోర్వాన్ తలుపు ఎందుకు తీశాడో తెలియనివాళ్ళు అక్కడ లక్షల్లో ఉన్నారు. వారం తిరిగేసరికి ఆటలోని తోర్వాన్ గదిలో బల్ల మీద రెండు గిన్నెలు ఉన్నాయని ఒకడు చూపించాడు. మంచం కింద చెక్కబొమ్మ ఉందని ఇంకొకడు చూపించాడు. కంపెనీ రాసిన కథ కంటే సీమోను చెప్పిన మాటే ఆ గదికి సరిపోయింది. విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి, పేర్లు తెలియని దేశాల నుంచి జనం నైలా ఏదని కంపెనీని అడిగారు. అలాంటి పాత్ర ఎప్పుడూ లేదని కంపెనీ ప్రకటన ఇచ్చింది. దాచినదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని జనం అన్నారు.

తర్వాత వాళ్ళకు ఒక మనిషి కావలసి వచ్చింది. నాలుగో భాగం కథ రాసినవాళ్ళలో ఒకావిడ పేరు దొరికింది. నైలా ఆదివారం ఆదివారం ఫోను చూసి గదిలో చదివేది. ఆవిడను తిట్టారు. ఆవిడ పిల్లల బడి పేరు పెట్టారు. ఆవిడ ఇంటి గేటు ఫొటో పెట్టారు.

"నిన్న ముగ్గురు ఆ గేటు ముందు నిలబడ్డారంట. ఊరికే నిలబడ్డారంట, ఏమీ అనలేదంట," అని చదివింది నైలా.

"నిలబడనీ," అన్నాడు జిలానీ. "పిల్లని కథలోంచి తీసేసినప్పుడు తెలీలా?"

సీమోను నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"ఆట ఆపు జిలానీ. నైలా లేదు. ఏ భాగంలోనూ లేదు. వాళ్ళు రాయలా. ఎందుకు తీశాడని మీరడిగారు, నాకు తెలీలా, నేను కల్పించి చెప్పా. ఉత్తరం నాదే. దాది నేనే. ఆవిడకేం తెలీదు."

బాక్సులోంచి ఆ మాటలు మెట్ల కిందిదాకా వినబడ్డాయి. కోటయ్య దగ్గి, నవ్వాడు.

"ఏందయ్యా, కంపెనీవోళ్ళు నీక్కూడా ఫోన్ కొట్టారా?"

గది గొల్లుమంది. జిలానీ నవ్వలేదు.

"అన్నా, ఆ ఉత్తరం చదివిన రోజు నీ గొంతు వణికింది. నేను నీ పక్కనే ఉన్నా. లేని పిల్ల కోసం ఎవరికైనా గొంతు వణికిద్దా?"

"వణికింది జిలానీ. అయినా లేదు."

"సాక్షి తిట్టిన బూతు కూడా వదలకుండా రాసేవోడివి. కోర్టులో ఒక్క మాట కలపనోడివి మాకు పదేళ్ళు లేంది చెప్పావంటే నేను నమ్మాలా? ఆవిడ మీద జాలిపడి అంటున్నావు. నీ మనసు మంచిదిలే. కూర్చో."

జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకుని ఆట మొదలుపెట్టాడు. సీమోను తెర చూసి చెప్పలేదు. ఆ రోజు కథ మూగగా నడిచింది.

అందరూ వెళ్ళాక నైలా అతని దగ్గరికి వచ్చింది. నా స్విచ్ ఎవరూ ఆపలేదు.

"పెదనాన్నా, మేకే కదా?"

"మేకేనమ్మా."

"అందరూ నవ్వారు."

"నీకు ఇంగ్లీషు బాగా వచ్చు. తప్పు నాది."

"మరి నాది ఎవరి పేరు?"

సీమోను గాలి పీల్చాడు. పదేళ్ళలో ఆమె ఏది అడిగినా ఆ గాలి వెనకే ఒక మాట వచ్చింది. ఈసారి రాలేదు. ఆమె కిందికి దిగిపోయింది.

నోటిమాట నమ్మరని సీమోనుకు అర్థమైంది. కోర్టులో ఇరవై ఏళ్ళు పైబడి పనిచేసినవాడు అలాంటప్పుడు చేసేదే చేశాడు. స్టాంపు కాగితం మీద ఇంగ్లీషులో అఫిడవిట్ రాశాడు. నోటరీ ముందు సంతకం పెట్టాడు. శుక్రవారం దాని ఫొటో తీసి వెబ్‌సైటులో పెట్టాడు. ఆదివారం కాగితంతో గదికి వచ్చి, కుర్చీలో కూర్చుని, నా ముందు దాన్ని తెలుగులో చదివాడు.

"నేను, దారా సీమోను, తండ్రి అబ్రహాం, వయస్సు నలభై నాలుగు, వృత్తి కోర్టు అనువాదకుడు, ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా. ఈ ప్రాంతము ఎరుగనివారికి కూడా తెలియుటకై చిరునామా ఇందు వివరముగా ఇవ్వబడినది. చీరాల పట్టణం, పేరాల, డోరు నంబరు తొమ్మిది బై నూట పద్నాలుగు, పరుపుల దుకాణము పై గదియందు, నూర్‌బాషా జిలానీ అను వారు ప్రశ్నించగా, నైలా అను పాత్రను నేను స్వయముగా కల్పించి చెప్పితిని. ఆ పేరు ఆ వారము నేను అనువదించిన ఒక దస్తావేజులో చూచినది. ఆ పేరును తదుపరి సదరు జిలానీ తన కుమార్తెకు పెట్టుకొనెను. ఆమె వయస్సు పది సంవత్సరములు, ఐదవ తరగతి చదువుచున్నది, సదరు చిరునామాయందే నివసించుచున్నది. కథ రాసిన మహిళకు దీనితో ఏ సంబంధమూ లేదు."

అతని ఊపిరి మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా నడిచింది. మొదటి మూడు భాగాల నాటి ఊపిరి అది.

జిలానీ కాగితం తీసుకున్నాడు. చదవలేడు. స్టాంపు చూశాడు, నోటరీ ముద్ర మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. మనిషి మాట నమ్మనివాడు ముద్ర నమ్మాడు. కోటయ్య మెట్ల మీంచి లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆయన వెనకే మిగతావాళ్ళు దిగిపోయారు.

"లేదా అయితే," అన్నాడు జిలానీ.

"లేదు."

"నా బిడ్డ పేరు ఇందులో ఎందుకు రాశావన్నా?"

"అది జరిగింది కదా. తీసేస్తే అబద్ధమవుద్ది."

"ఇంటి నంబరు?"

"ఎక్కడ జరిగిందో రాయాలి జిలానీ. రాయకపోతే చెల్లదు."

నైలా గోడకు ఆనుకుని ఫోను చూస్తోంది.

"ఆవిడ గేటు దగ్గరి నుంచి వెళ్ళిపోయారంట," అంది. సీమోను కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. ఆమె చదువుతూనే ఉంది. "పెదనాన్న కాగితం కింద నాలుగు వేల మంది రాశారు. ఇన్నాళ్ళూ మమ్మల్ని వెర్రివాళ్ళను చేశారు అని ఒకాయన రాశాడు. ఇంకొకాయన మన కొట్టు ఫొటో పెట్టాడు నాన్నా. మ్యాపులో దొరికిందంట. కింద రాశాడు, ఇదే ఆ ఇల్లు, అని. ఇంకొకాయన, నాది బాపట్ల, దగ్గరే, అని రాశాడు."

జిలానీ ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. నా స్విచ్ ఆపాడు. వైరు పీకి, నన్ను కిందికి తెచ్చి, పరుపులో కుక్కడానికి ఉంచిన దూది మూటలో తోశాడు. సీమోను ఎప్పుడు వెళ్ళాడో నాకు వినబడలేదు.

ఇది జరిగి తొమ్మిది రోజులు. స్విచ్ ఆపినా నా పొర కదులుతూనే ఉంటుంది, ఆ కదలిక ఎక్కడికీ పోదు, అంతే. పైగదికి తాళం వేశారని, తెర తీసేశారని మస్తాన్‌బీ ఎవరికో చెబుతుంటే విన్నాను. కొట్టులో ఫోను రోజుకు చాలాసార్లు మోగుతుంది. మొదటి రెండు రోజులు జిలానీ ఎత్తాడు. తర్వాత ఎత్తడం లేదు. నైలాను బడికి తనే తీసుకెళ్ళి తనే తెస్తున్నాడు. సీమోను రోజూ కోర్టు అయ్యాక వచ్చి కొట్టు ఎదురుగా అరుగు మీద కూర్చుంటున్నాడట. జిలానీ అతన్ని లోపలికి పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

ఈ రోజు కోర్టు ఇంకా వదల్లేదు. జిలానీ నైలాను బడి నుంచి తెచ్చి, గుడ్డ కోసం బజారుకు వెళ్ళాడు, పావుగంటలో వస్తానన్నాడు. మిషను ఆపి ఉంది. కొట్టు ముందు మోటారు సైకిలు ఒకటి వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు. ఇద్దరు దిగిన చప్పుడు. పెరట్లోంచి పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఎవరు కావాలండీ?" అంది నైలా.